జాడీలో నీలం పూసలు

"అది పగిలితే ఏమవుతుందే?"

జాడీ అప్పటికి గుమ్మం కూడా దాటలేదు. కూతురు దాన్ని రెండు చేతులతో పొట్టకు అదుముకుని, చెప్పులు కాళ్ళతోనే విదిలించుకుంటోంది. వెనకాల ఒక సన్నపాటి మనిషి గొడుగంతా జాడీ మీదకే వంచి పట్టి, తను మాత్రం నిలువునా తడిసి ముద్దై నిలబడ్డాడు.

"ఇంకా పగల్లేదమ్మా. ముందు దారియ్యి."

"పగిలితే అని అడుగుతున్నానే. లోపలున్నది విషమా? గాలి తగిలితే మండుతుందా? కళ్ళలో పడితే కళ్ళు పోతాయా?"

"తేమ తగిలితే పాడైపోతుంది, అంతే. నీకేం కాదులే."

ఏం కాదులే అన్న మాట ఆ తల్లికి గిట్టదు. ఆవిడ మొగుడు గోడలకు రంగులేసే మేస్త్రీ. ఒకనాడు విరిగిన నిచ్చెన మెట్టుకు తాడు చుట్టి, ఏం కాదులే అని నవ్వి ఎక్కాడు. మళ్ళీ దిగింది నలుగురి చేతుల మీద. అప్పట్నించీ ఆవిడకు ప్రపంచంలో ప్రతి వస్తువూ ఎవరినో ఒకరిని చంపడానికే తయారైనట్టు కనిపిస్తుంది. కత్తెర మూతికి దారం కట్టి పెడుతుంది. పొయ్యి ఆర్పాక వాసన చూసి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి వాసన చూస్తుంది. పక్కింటావిడ "గండాలమ్మా, ఇవాళ ఏం గండం?" అని మెట్ల మీద పలకరిస్తుంది. ఆ పేరే స్థిరపడిపోయింది.

కూతుర్ని కూడా ఆ భయాలతోనే పెంచింది గండాలమ్మ. బడికి పంపేటప్పుడు తల దువ్వుతూ చెప్పేది: ఎవర్నీ నమ్మకు. నీ సంచీ నీ ఒళ్ళోనే ఉండాలి. ఎక్కడైనా ఏదైనా విరిగితే, చితికితే, ముందు నువ్వు అక్కడ లేకుండా చూసుకో, తర్వాత జాలిపడొచ్చు. పిల్ల బుద్ధిగా తల ఊపేది. చెప్పిన మాట ఒక్కటీ పొల్లు పోనిచ్చే పిల్ల కాదు. అలాగే చదివింది, అలాగే పరిశోధనలో చేరింది.

జాడీని పడకగదిలో బీరువా మీద పెట్టించారు. కడవంత గాజు జాడీ, అంచుకు జిడ్డు రాసిన బరువైన మూత. లోపల పింగాణీ గిన్నెలో నీలం పూసలు, పక్కనే మూతల్లేని చిన్న చిన్న సీసాలు, వాటిలో లేత రంగు పొడి. ల్యాబు పైకప్పు కారుతోందట. వానలు తగ్గేదాకా ఇంట్లో దాచుకోమని ల్యాబు నడిపే పెద్ద మేడమే చెప్పిందట.

గొడుగు మనిషికి తుండుగుడ్డ ఇచ్చి, టీ పెట్టిచ్చింది గండాలమ్మ. అతను కూతురితో కలిసి పనిచేసేవాడు. తల తుడుచుకుంటూ "పిన్నిగారూ" అని వరస కూడా కలిపేశాడు.

"ఇంతకీ ఆ పొడేమిటి నాయనా? ఇది నాకేదీ సరిగ్గా చెప్పదు."

"రాతిపొడి పిన్నిగారూ. ఆ రాయి నిండా గొట్టాలుంటాయి. ఎంత సన్నమంటే, రంగు అణువులు వాటిలో ఒకదాని వెనక ఒకటి నిలబడాల్సిందే. టికెట్ కౌంటర్ దగ్గర వరసలాగ. పక్కకు జరుగుదామన్నా చోటుండదు. నడుమ ఒక రంగు, రెండు కొసల్లో ఇంకో రంగు. నడుమవాటి మీద వెలుతురు పడితే అవి తమ దగ్గర ఉంచుకోవు. పక్కదానికి అందిస్తాయి. అది దాని పక్కదానికి. చివరికి కొసన ఉన్నది వెలుగుతుంది. ఎండను ఇలా పోగుచేసి ఒకచోటికి తేగలిగితే కరెంటు చేసుకోవచ్చని మా ఆశ."

"మరి అందించినవాటికి ఏం మిగులుతుంది?"

"ఏం మిగలదు. వాటికి చీకటే."

"నాలాంటి గొడ్డు చాకిరీ మనుషులన్నమాట," అంది గండాలమ్మ. అతను టీ ఒలకబోసుకుని నవ్వాడు. కూతురు నవ్వలేదు.

"మరి ఆ గొట్టాలకు మూత లేదా?"

"మూత చేసేవాణ్ణి నేనేగా. గొట్టం మూతిలో సరిగ్గా దిగి కూర్చునే అణువు చేయాలి. అందుకే ల్యాబులో నన్ను బిరడా అంటారు."

"మనిషీ అంతే," అంది కూతురు. "ఎవరేమన్నా నోరు తెరవడు. మేడమ్ ముందు మరీను."

బిరడా ఆ మాటకు కూడా నవ్వాడు. తన మూత ఇంకా శుభ్రపడలేదనీ, అది తయారయ్యేదాకా ఈ పొడిని నోరు తెరిచిన పిల్లలా కాచుకోవాలనీ చెప్పాడు. ఆ రాయికి నీళ్ళంటే ప్రాణమట. కాస్త తేమ దొరికినా లోపలికి లాక్కుని రంగును బయటికి గెంటేస్తుందట. కొసన ఉన్నవే ముందు పోతాయి. ఇక ఎంత వెలుతురు పోసినా నడుమవి తమలో తాము పచ్చగా వెలిగి ఊరుకోవాల్సిందే, అందుకునేవాళ్ళుండరు.

"తేమ దూరిందని ఎలా తెలుస్తుంది?"

"ఆ పూసలు చెబుతాయి. అవి తేమను పీల్చుకుంటాయి. నీలంగా ఉన్నంతకాలం క్షేమం. గులాబీకి తిరిగాయా, దూరినట్టే."

"తిరిగితే?"

"పూసలకేం పిన్నిగారూ, వేడిచేస్తే మళ్ళీ నీలమైపోతాయి," అని గ్లాసు కింద పెట్టి లేచాడు బిరడా.

అతను వెళ్ళాక అసలు సంగతి కూతురు చెప్పింది. డబ్బు పెట్టే కంపెనీ వాళ్ళు చూడడానికి వస్తున్నారు. పొడి వెలిగితే ఇద్దరికీ ఉద్యోగాలుంటాయి. వెలగకపోతే ఎవరి చేతిలో పాడైందో వాళ్ళు ఇంటికి పోతారు. ఇది మేడమ్ అందరి ముందూ చెప్పిన మాట.

"ఇంటికంటే?"

"ఇంటికంటే ఇంటికే. ఇన్నేళ్ళ చదువూ ఈ జాడీలో ఉందమ్మా."

గండాలమ్మ లేచి వెళ్ళి పడకగది కిటికీ రెక్కలు బిగించి వచ్చింది. కూతురు అది గమనించిందో ఏమో, ఒక సీసాకు గట్టిగా రబ్బరు మూత బిగించి, తల్లిని బాత్రూములోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. చీకట్లో చిన్న టార్చి వేసింది. నీలం వెలుతురు. అది సీసా మీద పడగానే లోపలి పొడి నిప్పుకణికలా ఎర్రగా రగిలింది. నీలం పోస్తే ఎరుపు రావడమేమిటో ఆవిడకు అంతుబట్టలేదు. కానీ కూతురి గడ్డం కింద ఆ ఎరుపు పడి, చిన్నప్పుడు జ్వరంలో ఉన్నప్పటిలా బుగ్గలు మెరిశాయి. ఇది నిలవాలి, అనుకుంది తల్లి. ఏం చేసైనా నిలవాలి.

ఆ మర్నాటినుంచి ఆవిడకు జాడీయే లోకమైంది.

కూతురు జాడీకి నల్లగుడ్డ రెండు మడతలు చుట్టి, "ముట్టుకోకు" అని చెప్పి వెళ్ళేది. తలుపు మూసిన క్షణంనుంచి గండాలమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగేది. బయట వాన. గోడలు చెమరుస్తున్నాయి. దుప్పట్లు తడితడిగా ఉంటున్నాయి. గోడకే పట్టిన తేమ జాడీకి పట్టదా? ముక్కాలిపీట వేసుకుని ఎక్కి గుడ్డ తొలగించి చూసేది. దళసరి గాజు, లోతుల్లో ఆకుపచ్చగా ఉంటుంది. దానిలోంచి చూస్తే పూసలు నీలమో ఊదాయో తెలిసి చావదు. చూసేకొద్దీ గులాబీలాగే కనిపించేవి. ఇక ఆగలేక మూత పక్కకు జరిపి ఒక పూస తీసి, అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తేది. నీలం. హమ్మయ్య. పూస వేసి మూత జరిపేది. మధ్యాహ్నం మళ్ళీ అనుమానం. పొద్దున చూసింది అంచున ఉన్న పూస, అడుగున ఉన్నవాటి మాటేమిటి? మళ్ళీ పీట, మళ్ళీ మూత, మళ్ళీ కిటికీ.

మూత తీసిన ప్రతిసారీ వానగాలి జాడీలోకి ఒక గుక్కెడు దిగుతుందని ఆవిడకు తట్టలేదు. ఆవిడ కంటికి తేమ అంటే దొంగ. దొంగ వచ్చాడేమోనని తలుపు తీసి చూస్తోంది, అంతే.

ఒక మధ్యాహ్నం అరచేతిలో పూస గులాబీగా ఉంది.

ఇంకోటి తీసింది. అదీ అంతే. గిన్నె మొత్తం గులాబీ. ఇన్నాళ్ళూ భయపడింది జరిగేసరికి, తను ముందే చెప్పానుగా అని కూడా అనిపించింది, అది మనసులోనే నొక్కేసుకుంది. కూతురు వచ్చి ఇది చూస్తే? ఏడుస్తుంది. నిద్ర మానేస్తుంది. కంపెనీ వాళ్ళు వచ్చే ముందు ఇలాగైతే ఇంకేం పని చేస్తుంది? అప్పుడు బిరడా మాట గుర్తొచ్చింది. వేడిచేస్తే నీలమైపోతాయి.

పొయ్యి మీద మూకుడు పెట్టింది. పొద్దున ఉల్లిపాయలు వేయించిన మూకుడే, కంగారులో తోమలేదు, కొంగుతో ఒకసారి తుడిచింది. పూసలు పోసి గరిటెతో తిప్పింది. ముందు ఏమీ కాలేదు. తర్వాత ఒక్కొక్కటీ అంచులనుంచి రంగు మారుతూ వచ్చింది. నల్లగా మాడినవి రెండు ఏరి పారేసింది. మిగతావన్నీ నిగనిగలాడే నీలం. గిన్నెలో పోసి, జాడీలో పెట్టి, మూత జరిపి, గుడ్డ కప్పి, పీట దిగాక నేల మీదే కూలబడి ఊపిరి పీల్చుకుంది. బిడ్డకు తెలియకుండా బిడ్డను గండం దాటించాననుకుంది.

పూసలు నీలమయ్యాయి కనక పొడి కూడా బాగుపడిందనే ఆవిడ లెక్క. బిరడా అన్నది పూసల గురించే అని, పొడి గురించి అతను అలాంటి మాట ఏదీ అనలేదని తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

ఆ తర్వాత ఆవిడ జాడీ జోలికి పోలేదు.

మూత తయారైందని బిరడా కబురు పెట్టాడు. అతను వచ్చే రోజు పొద్దున్నే కూతురు జాడీ దించింది. గుడ్డ తీసి చూసింది. మూత జరిపి గిన్నె ముఖం దగ్గరికి తెచ్చుకుంది. ఒకసారి వంటింటి వైపు తల తిప్పింది. తర్వాత ఒక సీసా, టార్చీ పట్టుకుని బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుంది.

గండాలమ్మ బయట గోడకానుకుని నిలబడింది. చాలాసేపటికి కుళాయి తిప్పిన శబ్దం వచ్చింది. కూతురు మొహం కడుక్కుని బయటికి వచ్చింది.

"వెలిగిందా అమ్మడూ?"

కూతురు తల్లి మొహంలోకి చూసింది. ఏదో వెతుకుతున్నట్టు చూసింది.

"ఏం కాదులే అమ్మా," అంది.

జన్మలో మొదటిసారి ఆ మాట గండాలమ్మ చెవికి చల్లగా తగిలింది.

బిరడా వచ్చాడు. చేతిలో అదే గొడుగు. కూతురు జాడీ మూత తీసి అతనికి చూపించింది.

"పూసలు చూసుకో. నీలంగా ఉన్నాయా లేదా?"

"నీలంగానే ఉన్నాయిగా. నువ్వు అప్పగిస్తే నేను చూసుకోవాలా?"

"చూసి చెప్పు."

"నీలంగా ఉన్నాయి తల్లీ. లైటు పెట్టి చూశావా?"

"ఇందాకే చూశాను. ఎర్రగా వెలుగుతోంది. అమ్మా, నువ్వూ విన్నావుగా ఇదంతా?"

"విన్నానే," అంది గండాలమ్మ. జాగ్రత్తగల పిల్ల, నా పెంపకం, అనుకుని మురిసింది కూడా. "నాయనా, మెట్లు జారుతున్నాయి, గోడ పట్టుకుని దిగు" అని జాడీ చంకనెత్తుకున్న అతన్ని హెచ్చరించింది.

కంపెనీ వాళ్ళు వచ్చిన రోజు ఇంట్లో ఉండలేక తనూ వెంట బయల్దేరింది. ల్యాబులో తలుపు పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు. పెద్ద మేడమ్ పొట్టి మనిషి, గొంతు పెంచదు. ఆ పెంచకపోవడానికే అందరూ బిక్కచచ్చి ఉంటారు. వచ్చినవాళ్ళు కోట్లు విప్పి కుర్చీలకు తగిలించారు. కర్టెన్లు వేశారు. పొడికి మూత ఎక్కించడం ఆ పొద్దుటికి గాని పూర్తికాలేదట, మళ్ళీ లైటు పెట్టి చూసే వ్యవధి లేదట. బిరడా తన చేత్తో గాజుపలక మీద పొడి పరిచాడు. నీలం దీపం వేశారు.

పొడి పచ్చగా వెలిగింది. లేత పచ్చ, పాకుడు పట్టిన నీళ్ళలాగ. ఎరుపు ఎక్కడా లేదు.

చీకట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. మేడమ్ దీపం దగ్గరికి వంగి చూసింది. ఇంకో సీసాలోది పరచమంది. అదీ పచ్చే.

"లైట్లు వేయండి," అంది మేడమ్. కోట్ల వాళ్ళలో ఒకాయన చేతిగడియారం చూసుకున్నాడు. మేడమ్ అది చూసింది. "కొసల్లో రంగు పోయింది. తేమ దూరి ఉండాలి, లేకపోతే మూత వేసేటప్పుడు దాన్నే తోసేసి ఉండాలి. మీ ఇద్దర్లో ఎవరు?"

కూతురు ఒక అడుగు ముందుకేసింది. "నేను అప్పగించినప్పుడు పూసలు నీలంగా ఉన్నాయి మేడమ్. అతనే చూసి చెప్పాడు. అడగండి."

"ఉన్నాయా?"

"ఉన్నాయి మేడమ్," అన్నాడు బిరడా. "కానీ..."

"మా అమ్మ అక్కడే ఉంది," అంది కూతురు.

అందరి తలలూ తలుపు వైపు తిరిగాయి. గండాలమ్మ లేచి నిలబడింది.

"మీరు విన్నారా అమ్మా?" అడిగింది మేడమ్, మర్యాదగానే.

"విన్నానండీ. నీలంగా ఉన్నాయనే అన్నాడు."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అదే ఆవిడకు వింతగా తోచింది.

మేడమ్ బిరడా వైపు తిరిగింది. "అయితే తేమ కాదు. నీ మూతే. ఇన్నాళ్ళూ మమ్మల్ని కాచుకోబెట్టి చేసిన మూత లోపలున్నవాళ్ళనే తోసేసింది. నిన్ను బిరడా అని ఎవరు పిలిచారో గాని, నీకది సరిపోలేదు." కోట్ల వాళ్ళలో ఒకాయన పెదవి విరిచి నవ్వాడు. ఆ నవ్వు చూశాక ల్యాబులో పనిచేసే మిగతా పిల్లలూ నవ్వారు, నిన్నటిదాకా అతని టిఫిన్ డబ్బాలోంచి తిన్నవాళ్ళే. "సాయంత్రానికి బల్ల ఖాళీ చెయ్యి."

బిరడా గండాలమ్మ కూతురి వైపు చూశాడు. ఒక మాట అంటుందని ఆగాడు. ఆ పిల్ల గాజుపలక తుడవడంలో మునిగిపోయి ఉంది.

రెండోరోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. బిరడా. చేతిలో చిన్న కాగితం పొట్లం. గండాలమ్మ గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది.

"పిన్నిగారూ, ఒక్క మాట. ఆ జాడీ మూత ఎవరైనా తీశారా?"

"మా ఇంట్లో ఒకరి వస్తువు ఒకరు ముట్టే అలవాటు లేదు నాయనా."

"మూత ఎక్కించేటప్పుడు పొడి పుల్లకు అంటుకుంది. తేమ లేకుంటే రాలాలి. అప్పుడే అడగాల్సింది, పూసలు నీలంగా ఉన్నాయి కదా అని ఊరుకున్నాను." పొట్లం విప్పి సందులోంచి చూపించాడు. నాలుగు నీలం పూసలు. "వీటికి ఉల్లిపాయ వాసన వస్తోంది."

గండాలమ్మకు మాట దానంతట అదే వచ్చింది. "మా ఇంటి గోడలకే ఆ వాసన నాయనా. నువ్వు తాగిన టీకీ వచ్చే ఉంటుంది."

అతను నవ్వబోయి మానేశాడు. "మిమ్మల్ని ఏమీ అనడానికి రాలేదు. ఎవరో తెలియక వేడిచేశారని ఒక్క మాట మేడమ్‌తో అంటే చాలు. నా మూత మంచిదేనని తెలుస్తుంది. నాకు ఇంకెక్కడైనా పని దొరుకుతుంది. ఇలా పంపితే ఎవరూ గడప తొక్కనివ్వరు."

ఎవరో తెలియక. ఆ ఎవరో ఎవరి ఇంట్లో మనిషి అని మేడమ్ అడుగుతుంది. జాడీ ఎవరి చేతిలో ఉండగా పాడైందని అడుగుతుంది. ఆ తర్వాత బల్ల ఖాళీ చేసేది ఎవరు? ఆవిడకు ఇదంతా గుక్క తిప్పుకునేలోపు కనిపించింది. చెడు ముందుగా కనిపించడం ఆవిడకు జీవితకాలపు అలవాటు.

"ఎండ పడుతోంది, నీడపట్టున వెళ్ళు బాబూ," అని తలుపు మూసింది. గడియ వేసింది. వేసిందో లేదో మళ్ళీ లాగి చూసింది. చాలాసేపటికి అవతల మెట్ల మీద అడుగులు, గోడ పట్టుకుని దిగేవాడి అడుగుల్లాగ, నెమ్మదిగా.

ఆవిడ వెళ్ళి మూకుడు తోమింది. తోమిందే తోమింది.

సాయంత్రం కూతురు వేళకే వచ్చింది. పొడిలో రంగు మళ్ళీ కొత్తగా నింపడానికి గడువిచ్చారట. ఉద్యోగం ఖాయమని మేడమ్ భుజం తట్టిందట. మూతల పని కూడా తనకే అప్పగించారట. చెప్పి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చుంది. గండాలమ్మ అన్నం పెట్టింది. తనూ కూర్చుంది గాని ముద్ద దిగలేదు.

"ఆ పిల్లాడొచ్చాడు."

"ఊఁ."

"పూసలు తెచ్చాడు. ఏదో వాసన అంటున్నాడు."

కూతురు కూర కలుపుకుంటోంది.

"అమ్మడూ, అవి నేను..."

"అన్నం తినమ్మా."

"నేనే వేడిచేశానే. గులాబీగా తిరిగాయి. నువ్వు ఏడుస్తావని, మూకుట్లో పోసి..." చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. "నీకు చెప్పకుండా తప్పు చేశాను. ఆ పిల్లాడి నోట్లో మట్టికొట్టాను. రేపు వెళ్ళి మీ మేడమ్‌కి..."

"నాకు తెలుసు," అంది కూతురు. "ఎవరికీ చెప్పకు."

గండాలమ్మ చేయి కంచంలోనే ఆగిపోయింది.

"తెలుసా? ఎప్పుడు తెలిసింది?"

కూతురు ముద్ద కలిపి తింది. మంచినీళ్ళు తాగింది. పక్కింటి వాళ్ళ రేడియోలో వార్తలైపోయి ప్రకటనలు మొదలయ్యాయి. వంటింటి కుళాయినుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు పడుతున్నాయి. మామూలుగా అయితే గండాలమ్మ లేచి దాన్ని బిగించి వచ్చేది.

ఆవిడ కూతురి పెదవులనే చూస్తోంది. ఇవాళ తెలిసిందని అంటుంది. బిరడాయే దారిలో కనిపించి చెప్పి ఉంటాడు. లేకపోతే ఆ పచ్చ వెలుతురు చూశాక అనుమానం వచ్చి ఉంటుంది, అప్పటికి చేయి దాటిపోయి ఉంటుంది, పాపం భయపడి ఊరుకుని ఉంటుంది. అలా అంటే చాలు. జీవితమంతా చెడే ఊహించిన మనిషి, ఇప్పుడు మంచిని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ కూర్చుంది.

కూతురు కంచం అంచున వేళ్ళు తుడుచుకుంది. ఖాళీ గ్లాసు పక్కకు జరిపింది. రేడియోలో పాట మొదలై, సగంలో ఎవరో కట్టేశారు.

"ఆ రోజు బాత్రూములో," అంది కూతురు. "అతనింకా రాలేదు."